బీరువాలో చోటు

కెటిల్ ఫోర్క్,
డిసెంబరు 6

ప్రియమైన అక్కకు,

నువ్వు చెప్పినట్టే కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. ఫోన్లో అయితే రెండో నిమిషానికే జుట్టూ జుట్టూ పట్టుకుంటాం, రాస్తే కనీసం ఒకరి మాటకు ఒకరు అడ్డు తగలలేం అన్నావు. నిజమే. థాంక్స్‌గివింగ్ నాడు మీ ఇంట్లో నేను అరిచిన అరుపులకు పళ్ళెంలో టర్కీ కోడి లేచి పారిపోనందుకు సంతోషించాలి. బంగాళాదుంపల గిన్నె అలా నెట్టేసి లేచి రావడం తప్పే. అది పగల్లేదు కదా? అమ్మ గిన్నె.

ఇక్కడ వేట మొదలై వారం దాటింది. అగ్నిమాపక దళంవాళ్ళ ఫైర్ హాలు ముందు ట్రక్కులు, ట్రక్కుల్లో జింకలు, జింకల చుట్టూ అబద్ధాలు. నేను ఈ ఏడాది అడవికి వెళ్ళలేదు. యాభై ఏళ్ళలో ఇదే మొదటిసారి. మోకాలు. ఎవరైనా అడిగితే మాత్రం, మొదటి రోజు సోమవారం ఉండేదాన్ని శనివారానికి మార్చారు కాబట్టి నిరసన అని చెబుతున్నాను. మా వేట క్లబ్బులో మోకాలి కంటే నిరసనకే మర్యాద ఎక్కువ.

ఇక మన గొడవ. మనిషి మనసు బాగా లేదని ఇంట్లోవాళ్ళు జడ్జికి చెబితే పోలీసులొచ్చి తుపాకులు పట్టుకెళ్ళే చట్టం కావాలంటావు నువ్వు. మాకు అక్కర్లేదంటాను నేను. ఆ రోజు అరిచానే గానీ ఎందుకు అక్కర్లేదో చెప్పలేదు. ఇప్పుడు నెమ్మదిగా విను.

అక్టోబరులో ఒక స్నేహితుడు పొద్దున్నే ట్రక్కు వేసుకుని వచ్చాడు. పేరు చెప్పను. భార్య పోయి ఏడాది కాలేదు, నాలాగే ఒంటిపక్షి. కాఫీ తాగాడు. వాన గురించి మాట్లాడాడు. లేచి వెళ్ళబోతూ, "మా ఇంట్లో తేమ ఎక్కువైంది, తుపాకులు తుప్పు పట్టేట్టున్నాయి. నీ బీరువాలో చోటుందా?" అన్నాడు. ఆ ఇంట్లో తేమా లేదు, గీమా లేదు. "చోటుకేం, బోలెడు" అన్నాను. భార్య కుట్టిన బొంతలో చుట్టి తెచ్చిన అయిదు తుపాకుల్నీ ఇద్దరం మోసుకొచ్చి లోపల పెట్టి తాళం వేశాం. ఎందుకని నేను అడగలేదు. అడగకూడదు. రేపు వచ్చి నావి నాకివ్వు అంటే అప్పుడూ అడగను, తీసి ఇచ్చేస్తాను. నాన్న కాలం నుంచీ ఇక్కడ ఇంతే. నాన్న బీరువాలో ఎప్పుడూ మనవి కాని తుపాకులు రెండో మూడో ఉండేవి, నీకు గుర్తుండే ఉంటుంది. వాటి మీద చెయ్యి వేస్తే వీపు చిట్లేది.

దీనికి జడ్జి కావాలా చెప్పు? మనుషులుంటే చాలదూ?

నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు. అయినా ఇది మాత్రం నీ దగ్గరే ఉంచుకో.

నీ మొండి తమ్ముడు,
ఎల్వుడ్


హారిస్‌బర్గ్,
జనవరి 4

నా ప్రియమైన వుడీకి,

గిన్నె పగల్లేదు. అంచున పెచ్చు లేచి ఉందే, అది నువ్వు ఏడేళ్ళప్పుడు చేసిన ఘనకార్యం. ఇప్పుడు కొత్తగా చేసిందేమీ లేదు, దిగులు పడకు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ బొంత దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. నాన్న బీరువాలో ఆ పరాయి తుపాకులు నాకు బాగా గుర్తు. ఎవరివని అమ్మనడిగితే "ఒక మనిషివి, కాస్త బరువుగా ఉన్నాయట" అంది. నాకప్పుడు అర్థం కాలేదు. అరవై ఏళ్ళకు నువ్వు అర్థం చెప్పావు.

సరే, ఇప్పుడు నా మాట విను. రోండా గురించి నీకు చెప్పానో లేదో. నేను బడి బస్సు నడిపినన్నాళ్ళూ నా పక్క బస్సు ఆమెది. వాళ్ళబ్బాయికి ఇరవై ఆరేళ్ళు. ఉద్యోగం పోయి, గదిలో తలుపేసుకుని కూర్చునేవాడు. రోండా ఆరుసార్లు పోలీసులకు ఫోన్ చేసింది. "వాడు ఎవర్నీ ఏమీ చేయలేదు కదమ్మా, మేమేం చేయగలం" అన్నారు. ఏడోసారి ఆమె పిలవకుండానే, తుపాకి పేలాక, వాళ్ళు రావలసి వచ్చింది. అందుకే నేను సోమవారం సోమవారం ఆ శాసనసభ మెట్ల మీద బోర్డు పట్టుకుని నిలబడుతున్నాను గానీ, మీ జింకల తుపాకులు లాక్కుందామని కాదు.

నీ స్నేహితుడికి నువ్వున్నావు. మంచిది. రోండా కొడుక్కి అలాంటివాడు ఎవడూ లేడు. లేనివాళ్ళ సంగతేమిటి, వుడీ? దానికి జవాబు చెప్పు. అరవకుండా చెప్పు.

మార్చిలో సభవాళ్ళు జనం మాట వింటారట. నువ్వొచ్చి ఈ సంగతి నీ నోటితో చెబితే నా నూరు సోమవారాల పెట్టు. చట్టం కావాలని అనక్కర్లేదు, జరిగింది చెప్పు చాలు.

మోకాలు డాక్టరుకు చూపించావా? మా మరదలు నోర్మా బతికుంటే నీ చెవి మెలేసి తీసుకెళ్ళేది. ఏం వండుకుంటున్నావు? డబ్బా సూపు తాగుతున్నానని మాత్రం రాయకు. బెల్లప్పాకం లాంటి మొలాసిస్ పోసి నీకు పై చేసి పంపుతున్నాను. పోస్టువాళ్ళు తలకిందులు చేస్తే చెంచాతో తిను.

ప్రేమతో,
మీ అక్క ఫెర్న్


కెటిల్ ఫోర్క్,
ఫిబ్రవరి 11

ప్రియమైన అక్కకు,

మొలాసిస్ పై తలకిందులుగానే వచ్చింది. చెంచాతోనే తిన్నాను. సగం లోవెల్ తిన్నాడు. లోవెల్ గుర్తున్నాడుగా, వాగు అవతల పాడి పెట్టుకున్నవాడు. పోయిన వసంతంలో ఆవులన్నిటినీ అమ్మేశాడు. నలభై ఏళ్ళుగా పాలు కొంటున్న కంపెనీవాళ్ళు చిన్న ఉత్తరం ముక్క పంపి మానుకున్నారు. పాలు పితికే వేళకు లేచే అలవాటు మాత్రం వాణ్ణి వదల్లేదు. భార్య గెయిల్ నిద్ర పాడు చేయడం ఎందుకని నా వంటింట్లో వచ్చి కూర్చుంటాడు. ఇద్దరం ఏమీ మాట్లాడం. వాడు అందులో నిపుణుడు.

మార్చికి నేను రాను. నన్ను క్లబ్బువాళ్ళు మళ్ళీ అధ్యక్షుణ్ణి చేశారు, పైగా మే నెలలో మా తుపాకి హక్కుల ర్యాలీలో అదే మెట్ల మీద మాట్లాడవలసింది ఈసారి నేనేనట. మీవాళ్ళవీ నారింజ రంగు చొక్కాలే, మావాళ్ళ వేట టోపీలూ నారింజ రంగువే. పైనుంచి చూసే దేవుడు ఎవరు ఎవరో తేలక తల పట్టుకుంటాడు. మామూలుగానే అది అయ్యాక నది ఒడ్డున కూర్చుని హామ్ శాండ్‌విచ్ తిందాం. ఆవపిండి ముద్ద దట్టంగా పట్టించు. పోయినసారి గడ్డి తిన్నట్టుంది.

నీ ప్రశ్నకు జవాబు: స్నేహితుడు లేనివాడు స్నేహితుణ్ణి సంపాదించుకోవాలి. అది ప్రభుత్వం చేసే పని కాదు. రోండా కొడుకు సంగతి విని బాధపడ్డాను, నిజంగానే. కానీ ఒక్క ఇంట్లో పాము వచ్చిందని ఊళ్ళో ప్రతి ఇల్లూ తవ్వుతామంటే ఎలా?

మా స్నేహితుడు కాస్త తేరుకున్నాడు. మొదట్లో ఖాళీ బీరువా ఉన్న మూలకు వెళ్ళలేకపోయేవాడట. అది బోసిగా నోరు తెరుచుకుని చూసేదట. ఇప్పుడు దాని ముందే కుర్చీ వేసుకుని బూట్లు తొడుక్కుంటున్నాడు. వసంతం వచ్చేసరికి మామూలు మనిషి అవుతాడనిపిస్తోంది. ఎవరూ ఏమీ అడక్కపోవడమే వాడికి మందు.

డబ్బా సూపు గురించి రాయొద్దన్నావు కాబట్టి రాయడం లేదు.

నీ తమ్ముడు,
ఎల్వుడ్


హారిస్‌బర్గ్,
మార్చి 23

నా ప్రియమైన వుడీకి,

ముందే చెబుతున్నాను, పూర్తిగా చదివాక కోప్పడు.

నిన్న సభవాళ్ళు మా మాట విన్నారు. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అంతకుముందు మాట్లాడిన పదిహేను మందీ లెక్కలు చదివారు. ఎదుట కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకాయన గోళ్ళు చూసుకుంటున్నాడు, ఇంకొకాయన కునికిపాట్లు పడుతున్నాడు. నేను రోండా గురించి రాసుకెళ్ళిన కాగితం తీద్దామని సంచీలో చెయ్యి పెడితే నీ ఉత్తరం తగిలింది. ఏం బుద్ధి పుట్టిందో, అదే తీశాను. అక్టోబరు పొద్దున నుంచి "మనుషులుంటే చాలదూ" దాకా చదివేశాను.

వుడీ, నువ్వు అక్కడుంటే చూసేవాడివి. కునికేవాడు తలెత్తాడు. మీవైపు కూర్చున్న ఒక గడ్డమున్నాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.  చదవడం అయ్యాక నేనన్నది ఒక్కటే: "ఈ మాట తుపాకుల మనిషే రాశాడు. తుపాకికీ మనిషికీ మధ్య కొన్నాళ్ళు దూరం కావాలని వాళ్ళకీ తెలుసు. అలాంటి స్నేహితుడు లేనివాళ్ళ కోసమే ఈ చట్టం అడుగుతున్నాం."

పేరు చెప్పలేదు. ఊరు చెప్పలేదు. "మా తమ్ముడి వేట క్లబ్బులో భార్య పోయిన ఒకాయన" అన్నానంతే. పేపర్లో నా ఫోటోతో వేశారు. కత్తిరించి ఇందులో పెడుతున్నాను. ముఖం గుమ్మడికాయలా వచ్చింది, నవ్వకు.

నువ్వు ఉంచుకోమన్న మాట బయటపెట్టాను. తప్పే. కానీ అంత మంచి మాట మన ఇద్దరి మధ్యే ఉండిపోతే ఏం లాభం? ఆ స్నేహితుడికి కూడా చెప్పు, ఎవరో ఒక తల్లి ఆయన వల్ల ధైర్యం తెచ్చుకుందని.

ప్రేమతో, కాస్త భయంతో,
ఫెర్న్


కెటిల్ ఫోర్క్,
ఏప్రిల్ 2

ఫెర్న్,

ఆ పేపరు మా ఊరికీ వస్తుంది. ఆ మనిషి తన తుపాకులు వెనక్కి తీసుకున్నాడు. నీకు ఉత్తరాలు రాయడం నా బుద్ధితక్కువ. నువ్వు కూడా రాయకు.

ఎల్వుడ్


హారిస్‌బర్గ్,
ఏప్రిల్ 9

వుడీ,

రాయొద్దన్నావు. అయినా రాస్తున్నాను, చింపి పారేస్తే పారెయ్.

నీ నాలుగు వాక్యాలు పట్టుకుని వారం రోజులుగా ఇల్లంతా తిరుగుతున్నాను. ఆయన ఎవరో నాకు తెలియదు, తెలిస్తే వచ్చి కాళ్ళు పట్టుకునేదాన్ని. నేను మంచి చేస్తున్నాననుకున్నాను. అందరూ చప్పట్లు కొడుతుంటే, నా మనసులో ఎక్కడో, చూశావా వుడీ, నీ మాటతోనే నిన్ను గెలిచాను అనిపించింది. అది కూడా ఒప్పుకుంటున్నాను. అరవై ఏళ్ళుగా నీతో వాదిస్తూ ఒక్కసారి గెలిచాననిపించేసరికి కళ్ళు నెత్తికెక్కాయి.

ఆయన్ని ఒంటరిగా వదలకు. నా మీద కోపంతో ఆయన దగ్గరికి వెళ్ళడం మాత్రం మానకు. మేలో ర్యాలీకి నువ్వొస్తావుగా. మామూలుగానే శాండ్‌విచ్‌లు తెస్తాను. తినకపోయినా సరే, పక్కన కూర్చో.

అక్క


హారిస్‌బర్గ్,
మే 17

నా తమ్ముడు వుడీకి,

నిన్న నిన్ను చూశాను. నువ్వు నన్ను చూడలేదని అనుకోను. చూడనట్టు ఉండటం నీకు చేతకాదు, మెడ బిగుసుకుపోతుంది.

ఎంత చిక్కిపోయావురా. మీవాళ్ళందరిలాగే భుజాన ఆ రైఫిలు ఉంటే కోటు ఒకవైపుకు జారిపోతోంది. మా గుంపును కంచెకు ఇవతల నిలబెట్టారు. అక్కడినుంచే చూస్తున్నాను. ర్యాలీ పెద్దాయన మైకులో నీ పేరు పిలిచాడు, కెటిల్ ఫోర్క్ క్లబ్బు అధ్యక్షుడు అని. నువ్వు ఎక్కావు. కాగితం విప్పావు. ఇంతలో మీవాళ్ళలోంచే ఒకడు, నారింజ టోపీ, నలభై ఏళ్ళుంటాయి, కేకేశాడు: "అధ్యక్షా, ఆ భుజం మీదిది మీదేనా, లోవెల్ దగ్గర అరువు తెచ్చుకున్నారా?"

కొందరు నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. పెళ్ళిలో పెళ్ళికొడుకుని ఏడిపించే నవ్వు. నీ ముఖం మాత్రం సున్నం కొట్టినట్టయింది. కాగితం మడిచావు, జేబులో పెట్టావు, దిగిపోయావు. నేను సంచీ పట్టుకుని కంచె చుట్టూ తిరిగి వచ్చేసరికి లోవెల్ నీ మోచెయ్యి పట్టుకుని బస్సు వైపు నడిపిస్తున్నాడు. నన్ను చూసి వెనక్కి వచ్చి, "ఇప్పుడు కాదు ఫెర్న్ అక్కా. వాణ్ణి నేను చూసుకుంటాను, నువ్వింటికి వెళ్ళు" అన్నాడు. లోవెల్ నోటి నుంచి అంత పొడుగు మాట నేనెప్పుడూ వినలేదు. అతనూ ఏం బాగా లేడు. కళ్ళ కింద నల్లగా ఉంది.

నాకా మాట అర్థం కాలేదు. నువ్వు లోవెల్ దగ్గర తుపాకి అరువు తెచ్చుకోవడమేమిటి? కారెక్కాను. వంతెన సగం దాటాక అర్థమైంది. అవతలి గట్టుకు వెళ్ళి కారు పక్కకు ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను.

భార్య పోయి ఏడాది కానివాడు. ఈ ఏడాది అడవికి వెళ్ళనివాడు. భార్య కుట్టిన బొంత. నోర్మా బొంతలు చర్చి అమ్మకంలో ఎన్నిసార్లు మడత పెట్టాను నేను. ముప్ఫై ఒక్కేళ్ళు బడి బస్సు నడిపాను, అద్దంలో ఒక్క చూపు చూసి ఏ పిల్ల దిగులుగా ఉందో చెప్పేదాన్ని. సొంత తమ్ముడు తన గురించి రాసి పంపితే, దాన్ని మైకు ముందు ఊరి వాళ్ళందరికీ వినిపించాను గానీ నేను మాత్రం వినలేదు.

ఆ మనిషి నువ్వే కదా, వుడీ? తుపాకులు తీసుకుని దాచింది లోవెల్, ఇచ్చింది నువ్వు. ఇప్పుడు అవి మళ్ళీ నీ ఇంట్లో ఉన్నాయి.

నన్ను క్షమించొద్దు. జన్మలో మాట్లాడొద్దు. కానీ వాటిని లోవెల్‌కి తిరిగి ఇచ్చెయ్. ఇచ్చానని ఒక్క ముక్క రాయి. సంతకం కూడా పెట్టకు, ఒక్క ముక్క చాలు.

నీ అక్క


కెటిల్ ఫోర్క్,
జూన్ 29

ప్రియమైన అక్కకు,

ఆరు వారాలు జవాబివ్వలేదు. మధ్యలో రెండుసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తి "హలో" అనగానే పెట్టేశాను. నోటితో చెప్పలేని సంగతి, అందుకే మళ్ళీ కాగితం.

ఆ మనిషి నేనే. తేమ అని అబద్ధమాడింది నేను. "చోటుకేం, బోలెడు" అన్నది లోవెల్. నీకు రాసేటప్పుడు ఇద్దరి కుర్చీలూ మార్చేశాను. సాయం చేసినవాడిగా రాసుకుంటేనే కలం కదిలింది. ఒకరికి చెప్పాలనీ ఉండేది, చెప్పకూడదనీ ఉండేది.

పేపరు వచ్చిన రోజు క్లబ్బులో పాన్‌కేకుల ఫలహారం. మా క్లబ్బులో ఈ ఏడాది అడవికి రానివాడు, భార్య పోయినవాడు ఎంతమంది? ఒక్కడే. ఎవరి దగ్గర దాచానో తేల్చడమూ కష్టం కాదు, రోజూ నా వంటింట్లో కూర్చునేది లోవెల్ ఒక్కడే. నేను లోపలికి వెళ్ళగానే అందరూ తలలు తిప్పి చూశారు. తర్వాత ఒకడు, "ఎల్వుడ్, ఫోర్కు జాగ్రత్త, ఎవరి దగ్గరైనా దాచిపెట్టమంటావా" అన్నాడు. అక్కడి నుంచి ఇక రోజూ ఏదో ఒకటి. వాళ్ళు చెడ్డవాళ్ళు కారక్కా. పేపరుకు ముందు నేను అడిగి ఉంటే ప్రతివాడూ నోరెత్తకుండా బీరువా ఖాళీ చేసి ఇచ్చేవాడే. అందరికీ తెలిసిపోయాక ఏం చేయాలో వాళ్ళకు చేతకాలేదు, నవ్వారు. అదే ఇంకొకడికి జరిగి ఉంటే నేనూ నవ్వేవాణ్ణే.

మర్నాడే లోవెల్ దగ్గరికి వెళ్ళి నావి నాకిచ్చెయ్ అన్నాను. వాడు తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "ఇంకొన్నాళ్ళు ఉండనీ వుడీ. నాకేం అడ్డం కాదు" అన్నాడు. అలా అనకూడదు, అడగ్గానే ఇవ్వాలి. వాడికి తెలుసు. తెలిసే అన్నాడు. నేను, "నావి నాకివ్వడానికి నీ దయ కావాలా? నువ్వూ మా అక్క గుంపులో చేరావా?" అన్నాను. వాడు బీరువా తెరిచాడు. తీసి ఇచ్చాడు, ట్రక్కు దాకా మోశాడు కూడా. ర్యాలీ నుంచి వచ్చాక పదిరోజులు రోజూ మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. నేను ముభావంగా ఉన్నా వచ్చాడు.

నువ్వు నా కోసం భయపడ్డావు. నేను బతికే ఉన్నాను. పోయింది లోవెల్. జూన్ పద్దెనిమిదిన, తన కొట్టంలో, తన తుపాకితోనే.

ఇది పేపర్లో రాదు, ఎవరికీ తెలియదు, నీకు చెబుతున్నాను. అంతకు తొమ్మిది రోజుల ముందు పొద్దున్నే వచ్చాడు. కాఫీ తాగాడు. వాన గురించి మాట్లాడాడు. ఇక్కడ మూడు వారాలుగా చినుకు లేదు. కిటికీలోంచి వాడి ట్రక్కు కనిపిస్తోంది. వెనక సీట్లో ఏదో పొడుగ్గా, దుప్పటి కప్పి ఉంది. లేచి వెళ్ళబోతూ, "నీవన్నీ వెనక్కి వచ్చేశాయిగా. నీ బీరువాలో ఇంకా చోటుందా, వుడీ?" అన్నాడు.

నేను విన్నాను. అర్థం కాలేదనడానికి లేదు. ఆ మాట అడగడానికి మనిషి ఎన్ని రోజులు తనలో తను నలుగుతాడో ఈ జిల్లాలో నా కంటే ఎక్కువ ఎవరికీ తెలియదు. నేను ఏమన్నానో తెలుసా? "నీవి కూడా తెచ్చి పెడితే ఈసారి పేపర్లో మనిద్దరి ఫోటో వేస్తారు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. వాళ్ళందరూ నాతో మాట్లాడిన ఆ గొంతుతోనే అన్నాను. వాడూ నవ్వాడు. "అదీ నిజమే" అన్నాడు. కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

ట్రక్కు వాగు దాటే దాకా గుమ్మంలో నిలబడ్డాను. కేకేసి పిలిచి ఉండొచ్చు. మళ్ళీ అడుగుతాడులే, అప్పుడు సరేనందాం అనుకున్నాను. అక్టోబరులో నేను వెళ్ళినప్పుడు వాడు నాతో రెండోసారి అడిగించుకోలేదు.

అంత్యక్రియలయ్యాక చర్చి కింద హాల్లో భోజనాల దగ్గర గెయిల్ నా పక్కకు వచ్చి కూర్చుంది. "ఆ రోజు మీ ఇంటి నుంచి వచ్చి, వుడీ దగ్గర చోటు లేదట అన్నాడు. దేనికి చోటు, ఎల్వుడ్? నువ్వేమైనా ఎరుగుదువా?" అంది. మగాళ్ళం ఇవి ఇళ్ళల్లో చెప్పుకోం. ఆమెకు నిజంగా తెలియదు. తెలియదన్నాను. నా పళ్ళెంలో ఇంత హామ్ వడ్డించి వెళ్ళింది.

నీ మీద కోపం పోయిందని రాయను. ఉంది కాస్త. ఉంచుకోమన్నది ఉంచుకోలేదు నువ్వు. ఇక్కడ ఇంకెవడూ ఇంకెవడి గుమ్మం ముందుకూ అలా ట్రక్కు వేసుకుని వెళ్ళడు. నాన్న కాలం నుంచీ ఉన్నది ఒక్క పేపరుతో పోయింది. కానీ ఆ పొద్దున నా వంటింట్లో నువ్వు లేవు. నేనున్నాను. అందుకే ఎక్కువ నీ మీద వేయలేకపోతున్నాను.

క్లబ్బు అధ్యక్ష పదవి వదిలేశాను. నీ చట్టం మంచిదో కాదో నాకిప్పటికీ తెలియదు. అది ఉన్నా లోవెల్ మీద గెయిల్ జడ్జి దగ్గరికి వెళ్ళేదా? వాడి ముఖంలో ఏముందో ఆమెకే తెలియనివ్వలేదు. అయినా రోండా ఆరుసార్లు ఫోన్ చేసిన సంగతి రోజూ గుర్తొస్తోంది. లోవెల్ ఒక్కసారే అడిగాడు. మీ సోమవారం సభలో ఇది చదవాలనిపిస్తే ముందు గెయిల్‌ని అడుగు.

ఇప్పుడు నా సంగతి. అయిదు తుపాకులూ వంటింటి బల్ల మీద పెట్టాను. ఇంట్లో ఉన్న తూటాలన్నీ ఫైర్ హాల్లో ఇచ్చి వచ్చాను, పాతవి వద్దనుకుంటున్నానని చెప్పి. క్లబ్బులో ఇరవై ఎనిమిది మందిమి. ఒక్కొక్కడి పేరూ అనుకుని చూశాను. ఎవడి గుమ్మం తలుచుకున్నా కాళ్ళు కదలడం లేదు. అడగగలిగినవాడు ఒక్కడే ఉండేవాడు.

నీ గుమ్మంలోకి తుపాకి రానివ్వవని తెలుసు. మీ ఆయన ఉన్నప్పుడు కూడా రానివ్వలేదు. నువ్వు ముట్టుకోనక్కర్లేదు, నేనే మోసి కారులో పెడతాను. అక్కడ ఎవరికిస్తావో, ఏం చేస్తావో నీ ఇష్టం. తిరిగి కావాలని అడగను. అడిగినా ఇవ్వకు.

శనివారం రా అని రాద్దామనుకున్నాను. శనివారం దాకా వద్దు. రేపటికల్లా అందేలా పంపుతున్నాను. చదవగానే బయలుదేరు.

నీ తమ్ముడు,
వుడీ